లాడ్జీ కౌంటర్ కంప్యూటర్: పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అందరికీ తెలిసిపోతోంది

కౌంటర్_కష్టాలు
తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో సిస్టమ్స్ నేనే చూస్తుంటాను. రిసెప్షన్‌లో రెండు విండోస్ కంప్యూటర్లు, వెనక గదిలో ఉబుంటు అనే లినక్స్ మీద నడిచే సర్వర్ ఒకటి. బిల్లింగ్ సాఫ్ట్‌వేరూ, దిగినవాళ్ల ఆధార్ కాపీలూ అన్నీ ఆ సర్వర్‌లోనే. మూడు షిఫ్టులవాళ్లకీ కలిపి ఒకటే లాగిన్, పేరు 'రిసెప్షన్'. ఈ మధ్య ఒక శనివారం రష్‌లో కొన్ని రూములు బుక్ అయి, అర్ధరాత్రి దాటాక క్యాన్సిల్ అయినట్టు చూపిస్తోంది. రూముల్లో మాత్రం జనం హాయిగా పడుకునే ఉన్నారు. డబ్బు ఎవరి జేబులోకి పోయిందో తెలీదు. ఎవరిని అడిగినా నేను కాదంటే నేను కాదంటున్నారు. లాగ్ తీస్తే అంతటా 'రిసెప్షన్' అనే ఉంది.

ఓనర్ గారి ఆర్డర్ ఏమిటంటే 15 రోజులకొకసారి పాస్‌వర్డ్ మారాలి, అందులో క్యాపిటల్ లెటర్, అంకె, గుర్తు తప్పకుండా ఉండాలి. సరేనని పెట్టాను. గోవిందా@1 పోయి గోవిందా@2 వచ్చింది, ఇప్పుడు గోవిందా@3. అది కూడా క్యాలెండర్ వెనకాల పెన్నుతో రాసి ఉంది. దీన్ని గట్టి చేసేదెట్లా? విండోస్ వైపు, సర్వర్ వైపు రెండూ చెప్పండి.

అలిపిరి_మెట్లు
గోవిందా@3 అని ఊరందరికీ చెప్పేశావు గదన్నా. ఈ రోజే గోవిందా@4 పెట్టేయ్.

బైరాగిపట్టెడ_నెట్
తిరుపతిలో సగం పాస్‌వర్డ్‌లు నాకు అడగకుండానే తెలుసు. స్కాలర్‌షిప్ ఫారమ్‌కో, హాల్‌టికెట్‌కో మా సెంటర్‌కి వచ్చేవాళ్లు మెయిల్ పాస్‌వర్డ్ నోటితోనే చెప్తారు, పక్కన పదిమంది ఉన్నా సరే. బాలాజీ, శ్రీనివాస, వెంకన్న, పద్మావతి, ఏడుకొండలు, వెనకాల ఎట్ 123. కొంచెం జాగ్రత్తపరులైతే పుట్టిన సంవత్సరం. క్యాపిటల్ ఉంది, అంకె ఉంది, గుర్తు ఉంది, రూలు ప్రకారం అన్నీ పాసే. మా దగ్గర పాత కీబోర్డు ఒకటుంది. 1, 2, 3 బటన్ల మీద అచ్చు పూర్తిగా చెరిగిపోయింది, 2 మీదున్న ఎట్ గుర్తుతో సహా. 7, 8 మాత్రం నిన్న కొన్నట్టు మెరుస్తున్నాయి.

షాడోఫైల్
ఓనర్ గారిది సొంత ఆలోచన కాదులే, ఏళ్ల తరబడి అందరూ నమ్మిన రూలే. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన గైడ్‌తో అది బాగా పాకింది. అది రాసిన బిల్ బర్ అనే ఆయనే, అందులో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నానని 2017లో పత్రికవాళ్లకు చెప్పాడు. అదే ఏడాది నిస్ట్ తన మాట మార్చుకుంది. ఊరికే గడువు పెట్టి మార్పించొద్దు, లీకైందని ఆధారం దొరికితేనే మార్పించండి. క్యాపిటల్, గుర్తు అని బలవంతం చేయొద్దు. పొడవు పెంచండి, లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చి చూడండి అంది. మైక్రోసాఫ్ట్ కూడా 2019లో విండోస్‌కి తాను సూచించే భద్రతా సెట్టింగుల జాబితా (సెక్యూరిటీ బేస్‌లైన్) నుంచి గడువు రూలు తీసేసింది. ఓనర్‌కి ఇది చూపించు.

అయినా నీకు వచ్చిన తిప్పలు బలహీనమైన పాస్‌వర్డ్ వల్ల కాదు, ఒకే లాగిన్ అందరూ వాడటం వల్ల. అరవై అక్షరాల పాస్‌వర్డ్ పెట్టినా రేపు క్యాన్సిల్ చేసినవాడి పేరు 'రిసెప్షన్' అనే వస్తుంది. ముందు మనిషికొక అకౌంట్. మిగతావన్నీ ఆ తర్వాతే.

తోతాపురి
@షాడోఫైల్ మార్చొద్దంటే అన్నిచోట్లా కుదరదు. మాది చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసు. విదేశీ కొనుగోలుదారుల తరఫున ఆడిట్‌కి వచ్చేవాళ్ల కాగితంలో 90 రోజుల గడువు ఉందా అని ఒక గడి ఉంటుంది. నిస్ట్ అంటే వినరు, టిక్కు పడాలంతే. ఇంకొకటి, సీజన్‌లో డేటా ఎంట్రీకి పిల్లలు వస్తారు. కాయ అయిపోగానే వెళ్లిపోతారు. గడువు లేకపోతే వాళ్ల పాస్‌వర్డ్‌లు మళ్లీ సీజన్ వచ్చేదాకా పనిచేస్తూనే ఉంటాయి.

షాడోఫైల్
వెళ్లిపోయినవాళ్ల అకౌంట్ ఆపాలి గానీ, దానికోసం ఉన్నవాళ్ల పాస్‌వర్డ్ మార్పించడమెందుకు? లినక్స్‌లో గడువులు చూసే చేజ్ కమాండ్‌కి క్యాపిటల్ ఈ అని ఆప్షన్ ఉంది, దాంతో అకౌంట్‌కే చివరి తేదీ పెట్టొచ్చు. ఆగస్టు 1 అని ఇస్తే ఆ రోజు నుంచి లోపలికి రాలేరు. చేర్చుకున్న రోజే పెట్టేస్తే తర్వాత గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

తోతాపురి
ఇది పనికొస్తుంది. ఆడిటర్ గడి మాత్రం అట్లాగే ఉంది.

పాత_టైపిస్ట్
నేను ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. అందరూ ఆ క్యాలెండర్‌ని తిడుతున్నారు. నన్నడిగితే కాగితం మీద రాసుకోవడం తప్పు కాదు, దాన్ని ఎక్కడ పెడుతున్నామన్నదే లెక్క. మా రోజుల్లో బీరువా రెండో తాళంచెవి సీల్ చేసిన కవర్లో పెట్టి, పైన ఆఫీసరు సంతకంతో ట్రెజరీలో దాచేవాళ్లం. సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్‌కీ అట్లాంటి కవరొకటి ఓనర్ లాకర్లో ఉండాలి. మీకు ఒంట్లో బాగాలేక నాలుగు రోజులు రాకపోతే లాడ్జీ ఆగిపోకూడదు గదా.

అలిపిరి_మెట్లు
పెద్దాయన చెప్పింది కరెక్ట్. మా ఆఫీసులో సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగం మానేసి బెంగళూరు పోయినాడు. పాస్‌వర్డ్ కూడా ఆయనతోపాటే పోయింది. ఫోన్ చేస్తే ఎత్తడు.

రేణిగుంట_ఐటీ
విండోస్ హోమా, ప్రోనా? అది తెలియకుండా సలహా ఇస్తే సగం పనిచేయవు.

కౌంటర్_కష్టాలు
ఒకటి ప్రో, ఒకటి హోమ్. రెండూ విండోస్ 11.

రేణిగుంట_ఐటీ
హోమ్‌లో లోకల్ సెక్యూరిటీ పాలసీ విండో ఉండదు. కానీ అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్ అకౌంట్స్ కమాండ్ కొడితే ఇప్పుడున్న రూళ్లన్నీ కనబడతాయి. కనీస పొడవు, ఎన్ని తప్పులకు లాక్ పడాలి, ఎంతసేపు పడాలి అన్నీ అందులోంచే మార్చొచ్చు. గడువు అక్కడ 42 రోజులని ఉంటే కంగారుపడొద్దు, అది మైక్రోసాఫ్ట్ పెట్టిన డిఫాల్ట్. 22హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 11లో 10 తప్పులకు 10 నిమిషాల లాక్ వచ్చేసి ఉంటుంది. పాత విండోస్ మీద అప్‌గ్రేడ్ చేసుకుంటే చూసుకోవాలి.

షిఫ్టుకి వచ్చే ప్రతి మనిషికీ స్టాండర్డ్ అకౌంట్ ఇవ్వు, అడ్మిన్ హక్కులు వద్దు. సీటు లేస్తే విండోస్ బటన్, ఎల్ కలిపి నొక్కే అలవాటు చేయించు. ఎట్లాగూ మరిచిపోతారు కాబట్టి కొద్ది నిమిషాలకే స్క్రీన్ లాక్ పడేట్టు పెట్టు. ఇక ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిస్తే 4624 అంటే లాగిన్ అయింది, 4625 అంటే ఫెయిలైంది. ఎవరు ఎన్ని గంటలకు కూర్చున్నారో అక్కడ దొరుకుతుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసుకొచ్చి ఆ కంప్యూటర్‌ని దాంతో బూట్ చేస్తే విండోస్ పాస్‌వర్డ్‌తో పనే లేదు, ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. నైట్ షిఫ్టులో ఎంత టైమైనా ఉంటుంది. ప్రో మీద డిస్కు మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ చెయ్యి, హోమ్ మీద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉంటే అది. రికవరీ కీ ప్రింట్ తీసి పెద్దాయన చెప్పిన కవర్లో పెట్టు.

గిరింపేట_కుర్రోడు
లాక్ సంగతి జాగ్రత్త. మా ఆఫీసులో 3 తప్పులకు లాక్ పెట్టినారు. ఇద్దరికి పడదు. ఒకడు పొద్దున్నే వచ్చి రెండోవాడి యూజర్ నేమ్ కొట్టి తప్పు పాస్‌వర్డ్ మూడుసార్లు ఇచ్చి, ఏమీ తెలియనట్టు టీకి పోతాడు. రెండోవాడు లేటుగా పని మొదలుపెట్టినందుకు మేనేజర్ దగ్గర చీవాట్లు తింటాడు. ఇది నెలల తరబడి నడిచింది.

అలిపిరి_మెట్లు
ఆ టీకి పోయింది నువ్వే గదా.

గిరింపేట_కుర్రోడు
నాకు టీ అలవాటు లేదు.

షాడోఫైల్
అందుకే 3 వద్దు, 10 చాలు. మనుషులు మూడుసార్లు తప్పు కొట్టడం మామూలే. మెషీన్‌తో లక్షలసార్లు ప్రయత్నించేవాడికి 3 అయినా 10 అయినా ఒకటే. లినక్స్‌లో లాగిన్‌ల సంగతి చూసే భాగం పేరు పామ్, అందులో ఈ పని చేసేది పామ్ ఫెయిల్‌లాక్. అందులో డిఫాల్ట్ 3 తప్పులు, 600 సెకన్లు. 'డినై' విలువ పెంచు, టైమ్ అట్లాగే ఉంచు.

పాస్‌వర్డ్ నాణ్యతకి లిబ్‌పామ్ పీడబ్ల్యూక్వాలిటీ ప్యాకేజీ వెయ్యి. ఈటీసీలో సెక్యూరిటీ ఫోల్డర్ కింద పీడబ్ల్యూక్వాలిటీ డాట్ కాన్ఫ్ అని ఫైల్ వస్తుంది. అందులో 'మిన్‌లెన్' 15 పెట్టు. నిఘంటువు మాటలను ఆపే 'డిక్ట్‌చెక్' కూడా ఉంది గానీ, దాని దగ్గర ఉన్నవి ఎక్కువగా ఇంగ్లీషు మాటలు. మన పేర్లు చాలావరకు దానికి పట్టవు. అందుకని అదే ఫైల్‌లో 'బ్యాడ్‌వర్డ్స్' లైన్ తెరిచి మన ఊరి మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ వదిలి రాసెయ్యి. గోవిందా, బాలాజీ, శ్రీనివాస, వెంకన్న, తిరుపతి, తిరుమల, పద్మావతి, అలమేలు, మీ లాడ్జీ పేరు, ఓనర్ పిల్లల పేర్లు. మొదటి అక్షరం క్యాపిటల్ చేసినా, వెనకాల 123 తగిలించినా పట్టుకుంటుంది.

ఒక తిరకాసు ఉంది. నువ్వు సుడోతో, అంటే రూట్ అనే పెద్ద అడ్మిన్ హక్కుతో, వేరేవాళ్లకి పాస్‌వర్డ్ పెడితే ఇది హెచ్చరించి ఊరుకుంటుంది, ఆపదు. 'ఎన్‌ఫోర్స్ ఫర్ రూట్' లైన్ కూడా తెరిస్తేనే నీకూ రూలు వర్తిస్తుంది.

అలిపిరి_మెట్లు
స్వామి పేర్లన్నీ బ్యాడ్‌వర్డ్స్‌లో పెట్టించావు. ఎక్కడైనా చేయొచ్చు గానీ తిరుపతిలో?

బైరాగిపట్టెడ_నెట్
స్పెల్లింగులు కూడా అన్నీ పెట్టాలి. శ్రీనివాస రాయడంలోనే ఎస్‌హెచ్ ఒకరు, ఎస్ ఒకరు, వి ఒకరు, డబ్ల్యూ ఒకరు.

కౌంటర్_కష్టాలు
సర్వర్‌లో అకౌంట్ల రూళ్లుండే లాగిన్ డాట్ డెఫ్స్ ఫైల్‌లో కనీస పొడవు, గడువు రెండూ నేను ముందే మార్చి ఉన్నాను. అయినా చిన్న పాస్‌వర్డ్‌లు తీసుకుంటోంది. ఎందుకు?

షాడోఫైల్
పామ్ వాడే సిస్టమ్‌లో పొడవు సంగతి పామ్ చూసుకుంటుంది, ఆ ఫైల్‌లో రాసింది పట్టించుకోదు. గడువేమో ఆ తర్వాత సృష్టించిన అకౌంట్లకే వర్తిస్తుంది. ఉన్నవాటికి చేజ్‌తో ఒక్కొక్కటీ మార్చాలి. సర్వర్ పాత ఉబుంటు నుంచి అప్‌గ్రేడ్ అయిందా? అయితే పాస్‌వర్డ్‌ల హాష్‌లు ఉండే షాడో ఫైల్ కూడా ఒకసారి చూడు. హాష్ మొదట్లో డాలర్ గుర్తుల మధ్య 6 ఉంటే పాత పద్ధతి, వై ఉంటే 22.04 నుంచి వాడుతున్న యెస్‌క్రిప్ట్. సిస్టమ్ కొత్తదైనా, పాస్‌వర్డ్ మార్చేదాకా పాత హాష్ అట్లాగే ఉంటుంది.

మామిడితోట
హాష్ అంటే ఏందన్నా? తెలియని మాలాంటోళ్లకి కూడా చెప్పండి.

షాడోఫైల్
పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచకుండా, వెనక్కి తిప్పలేని లెక్కలో వేసి వచ్చిన ఫలితాన్ని మాత్రం దాచడం. మొదట్లో ఉన్నదున్నట్టే దాచేవాళ్లు. అమెరికాలో ఎంఐటీలో 1962లో అలన్ షెర్ అనే విద్యార్థికి వారానికి ఇచ్చే కంప్యూటర్ టైమ్ చాలలేదు. పాస్‌వర్డ్‌ల ఫైల్‌ని ప్రింట్ తీయమని ఒక పంచ్ కార్డు మీద పెట్టాడు. మొత్తం జాబితా ప్రింటయి, ప్రింట్లు పెట్టే బీరువాలో దొరికింది. మిగతావాళ్ల టైమ్ వాడుకున్నాడు. సర్వర్లలోంచి ఫైల్ పోతే ఇప్పుడూ అంతే. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు నేరుగా చదవగలిగేట్టు బయటపడ్డాయి. అందరికంటే ఎక్కువమంది వాడింది 123456. పాస్‌వర్డ్‌లు ఛేదించేవాళ్లు మొదట ప్రయత్నించేది ఇప్పటికీ ఆ జాబితానే.

తోతాపురి
లీకైందో లేదో చూసే సైట్ ఒకటుందంటారు. కానీ మన పాస్‌వర్డ్ తీసుకుపోయి ఎవరి సైట్‌లోనో కొట్టడం ఏం తెలివి?

షాడోఫైల్
హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అది. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013లో పెట్టాడు. పాస్‌వర్డ్ అక్కడికి పోదు. మన బ్రౌజరే హాష్ చేసి, అందులో మొదటి 5 అక్షరాలే పంపుతుంది. ఆ 5తో మొదలయ్యేవన్నీ వెనక్కి వస్తాయి, పోలిక మన దగ్గరే జరుగుతుంది. అయినా మనసు ఒప్పకపోతే ఇప్పుడు వాడేది కొట్టొద్దు, మానేసిన పాతది కొట్టి చూడు.

తోతాపురి
పాతది చూశాను. వేలసార్లు కనబడిందంటోంది. ఏం పెట్టానో చెప్పను.

మామిడితోట
15 అక్షరాలు రిసెప్షన్ పిల్లలు ఎట్లా గుర్తుపెట్టుకుంటారు? మళ్లీ క్యాలెండరే గతి.

బైరాగిపట్టెడ_నెట్
సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో. గోంగూర, లారీ, బుధవారం, గొడుగు. ఒకసారి నవ్వొస్తే ఇక మర్చిపోరు. సామెతలు, పాటల పల్లవులు మాత్రం వద్దు, అవి అందరి నోళ్లలోనూ ఉండేవే.

షాడోఫైల్
ఆ మాటలు మన బుర్రతో ఏరుకుంటే మళ్లీ ఇష్టమైనవే వస్తాయి. పాచికలు వేసి తీయాలి. డైస్‌వేర్ అని 1995 నుంచి ఉన్న పద్ధతి. 7776 మాటల జాబితా, పాచిక 5 సార్లు వేస్తే ఒక మాట. ఒక లెక్క చెప్తాను, నాలుగు మాటలంటే గొప్పగా ఉంటుంది గానీ, కీబోర్డు మీదున్న 95 గుర్తుల్లోంచి అడ్డదిడ్డంగా తీసిన 8 అక్షరాల కంటే కొంచెం తక్కువే. అయిదో మాట కలిపితే మాత్రం దానికి 4 వేల రెట్లకు పైగా అవుతుంది. సర్వర్ అడ్మిన్‌కి అయిదు, కౌంటర్‌వాళ్లకి నాలుగు. లాక్ ఉంది కాబట్టి నాలుగు చాలు.

పాత_టైపిస్ట్
మా మనవరాలి వైకుంఠపాళి పాచిక ఇప్పటికి పనికొచ్చింది. ఒక సందేహం. తెలుగు లిపిలోనే పాస్‌వర్డ్ పెడితే విదేశీ దొంగలకి అసలు అర్థం కాదు గదా?

రేణిగుంట_ఐటీ
వద్దండీ. లాగిన్ స్క్రీన్‌లో తెలుగు కీబోర్డు రాకపోతే మీరే బయట నిలబడతారు. ఇంకో చిక్కు, హాష్ చేయడానికి బీక్రిప్ట్ అనే పద్ధతి వాడే సాఫ్ట్‌వేర్లు 72 బైట్లకు మించి చూడవు. తెలుగులో ఒక్కో గుర్తుకీ 3 బైట్లు, వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్క. 24 గుర్తులకే అయిపోతుంది.

గిరింపేట_కుర్రోడు
ఇంత గోలెందుకు, విండోస్ హలో పిన్ పెట్టేస్తే పోలా? 4 అంకెలు.

రేణిగుంట_ఐటీ
పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే చెల్లుతుంది, బయట ఎవరికి తెలిసినా పనికిరాదు. ఎక్కువసార్లు తప్పు కొడితే కంప్యూటర్‌లోని సెక్యూరిటీ చిప్పే ఆపేస్తుంది. ఇంట్లో ల్యాప్‌టాప్‌కి బేషుగ్గా ఉంటుంది. లాడ్జీ కౌంటర్‌లో పక్కన నిలబడ్డవాడికి వేళ్లు కనబడతాయి. నాలుగు అంకెలు ఒక్క చూపులో పట్టేస్తాడు. యూఎస్‌బీ వేలిముద్ర రీడర్ పెట్టుకోవడం నయం.

తోతాపురి
మా గ్రేడింగ్ ఆడవాళ్ల వేలిముద్రలు సీజన్‌లో రీడర్‌కి పడవు. మామిడి జీడి తగిలి వేళ్లు పొట్టు లేస్తాయి. లాడ్జీలో హౌస్‌కీపింగ్‌వాళ్లకి కూడా అదే ఇబ్బంది రావొచ్చు.

మిట్టూరు_అకౌంట్స్
సర్వర్‌కి బయట నుంచి దారి ఉందా? మాకు తెలిసిన ఒక చిన్న వ్యాపారి ఇంటి నుంచి లెక్కలు చూసుకోవాలని రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టించాడు. పాస్‌వర్డ్ ఊరి పేరు, ఎట్, 123. ఒక పొద్దున వచ్చేసరికి ఫైళ్లన్నీ లాక్ అయిపోయి, డబ్బు పంపమని నోట్ ఉంది. బ్యాకప్ కూడా అదే కంప్యూటర్‌కి గుచ్చిన హార్డ్ డిస్కులో ఉండటంతో అదీ పోయింది. ఆ సంవత్సరం జీఎస్టీ లెక్కలు బిల్లు కాగితాలు ముందేసుకుని మళ్లీ ఎక్కించాం. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ అయితే ఇచ్చాడు, డేటా రాలేదు.

కౌంటర్_కష్టాలు
రిమోట్ డెస్క్‌టాప్ లేదు. సర్వర్‌కి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయి కమాండ్లిచ్చే దారి) ఉంది, ఇంటి నుంచి చూసుకోవడానికి. లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఆథ్ లాగ్ ఇప్పుడే తెరిచాను. 'ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ రూట్' అని పేజీలకు పేజీలు. ఏవేవో దేశాల అడ్రసులు. టెన్షన్ వచ్చేసింది.

షాడోఫైల్
పోర్టు బయటికి తెరిచి ఉంటే అందరికీ వచ్చేవే అవి, నీ మీద పగతో కాదు. పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా ఆపేసి కీ పెట్టుకో, అంటే పాస్‌వర్డ్ బదులు నీ ల్యాప్‌టాప్‌లో ఉండే ఒక ఫైల్. నీ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ కీజెన్‌తో ఈడీ 25519 కీ చెయ్యి, సర్వర్‌కి కాపీ చెయ్యి, కీతో లాగిన్ అవుతోందని చూసుకున్నాక 'పాస్‌వర్డ్ ఆథెంటికేషన్' నో పెట్టు, 'పర్మిట్ రూట్ లాగిన్' కూడా నో. కీకి పాస్‌ఫ్రేజ్ మర్చిపోవద్దు.

మిట్టూరు_అకౌంట్స్
ఆధార్ కాపీలు అన్నావు. 2023 డేటా రక్షణ చట్టంలో, డేటాకి తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. మాస్క్ చేసిన (కొన్ని అంకెలు దాచిన) ఆధార్ తీసుకోండి, పాతవి ఎంతకాలం ఉంచాలో తేల్చుకుని మిగతావి తీసేయండి. లేనిది లీక్ కాదు.

అలిపిరి_మెట్లు
250 కోట్లకి లాడ్జీతోపాటు బస్టాండు కూడా అమ్మాలి.

పాత_టైపిస్ట్
అందరూ విండోస్, లినక్స్ అంటున్నారు. క్యాన్సిల్ చేసింది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో గదా. దాని లోపలి లాగిన్ సంగతేమిటి? విండోస్‌లోకి ఎవరి పేరుతో వచ్చినా, లోపల అందరూ ఒకే పేరు వాడితే మళ్లీ మొదటికే.

షాడోఫైల్
ఈ థ్రెడ్‌లో అసలైన మాట ఇదే.

కౌంటర్_కష్టాలు
అందులో ఉన్నది 'అడ్మిన్' ఒక్కటే. వేరే యూజర్లు కావాలంటే కంపెనీవాళ్లు మనిషికింత అని అడుగుతున్నారు. ఓనర్ ఒప్పుకోవడం లేదు.

రేణిగుంట_ఐటీ
కనీసం రెండు తీసుకోండి. ఒకటి బుకింగ్‌కి, ఒకటి క్యాన్సిల్‌కి. క్యాన్సిల్ హక్కు మేనేజర్ దగ్గరే ఉండాలి. రాత్రి క్యాన్సిల్ కావాలంటే మేనేజర్‌కి ఫోన్ చేయాలి. పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పకూడదు, పొద్దున ఆయనే వచ్చి చేస్తాడు.

గిరింపేట_కుర్రోడు
ఫోన్‌లో చెప్పకుండా ఉంటాడా?

రేణిగుంట_ఐటీ
చెప్తే ఆ క్యాన్సిల్ ఆయన పేరు మీదే పడుతుంది. రెండోసారి చెప్పడు.

కౌంటర్_కష్టాలు
ఇది ఓనర్‌కి నచ్చింది, రెండు యూజర్లకి ఒప్పుకున్నాడు. విండోస్‌లో అకౌంట్లు విడివిడిగా చేశాను. గడువు తీసేశాను, బ్యాడ్‌వర్డ్స్ నింపాను. ఒకటే మిగిలింది. సర్వర్‌లో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చేసినా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది.

షాడోఫైల్
ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ పక్కనే, డాట్ డీ అని ముగిసే ఫోల్డర్ ఉంటుంది. అందులో 50 నంబర్‌తో క్లౌడ్ ఇనిట్ ఫైల్ ఉందేమో చూడు. దాంట్లో 'యెస్' అని ఉంటే నువ్వు రాసిన 'నో' చెల్లదు. ముందు చదివిందే లెక్క, ఆ ఫోల్డర్‌ని ముందు చదువుతుంది.

కౌంటర్_కష్టాలు
ఉంది! అందులో నో చేశాను. ఇప్పుడు కీ లేకుండా రానివ్వడం లేదు.

షాడోఫైల్
ఇప్పుడున్న విండో మూయొద్దు. రెండో విండోలో కీతో లాగిన్ అయి చూశాకే మొదటిది మూసెయ్యి.

కౌంటర్_కష్టాలు
చూశాను, అవుతోంది.

అలిపిరి_మెట్లు
కీ పాస్‌ఫ్రేజ్ ఏం పెట్టావన్నా?